మ్రానుకోత, గొలుసు రంపము

మన పెద్దల కాలమున మ్రాను నరుకుట యనగా రెండు పనిముట్లే తలపునకు వచ్చెడివి. ఒకటి గొడ్డలి, రెండవది ఇద్దరు చెరియొక కొన పట్టి లాగెడి పెద్ద రంపము. పీళమేడు, నరసింహనాయక్కన్ పాళయము, పెరియనాయక్కన్ పాళయము మొదలగు కోయంబత్తూరు ప్రక్క యూళ్లలో గాని, మదుర చుట్టునున్న తెలుగువారి వీధులలో గాని నేడు చెట్టు పడుచున్నదనగా ముందుగా వినవచ్చునది గొలుసు రంపపు రొద. ఒక పూట పట్టెడి పని గడియలో ముగియుచున్నది. పని యెంత త్వరితమైనదో, అందలి యపాయమును అంత త్వరితమైనది. ఈ వ్యాసము ఆ యంత్రమును గూర్చియు, దానిని చేతబట్టి బ్రతుకువారి నిత్యకష్టములను గూర్చియు వ్రాయబడినది. తల్లిదండ్రులకు దీనితో నేమి పని యందురేమో. తోటకును పెరటికిని ఆ పనివానిని పిలుచువారము మనము. కొన్ని యిండ్లలో ఆ రంపము పట్టి జీవించు బిడ్డలును కలరు. చెట్టు కూలుట చూడవలెనని గుంపుగూడువారు మన బడి పిల్లలే.

మ్రానుకోత చరిత్ర మన జిల్లాకు క్రొత్తది కాదు. పొల్లాచ్చికి ఎగువ, ఆనమలై కొండలలో టాప్‌స్లిప్ అను చోటు కలదు. 19వ శతాబ్దమున టేకు దుంగలను కొండ యంచు నుండి ఏటవాలుగా క్రిందికి జారవిడిచెడివారు గనుక ఆ పేరు కలిగినది. గొడ్డళ్లతో పడగొట్టిన మ్రానులను ఏనుగులు అంచువరకు ఈడ్చుకొని వచ్చెడివి. బొంబాయి ఓడల కార్ఖానాకును, పిమ్మట రైలుదారి దిమ్మెలకును ఆ టేకు తరలిపోయెను. అడవి పలుచనై పోగా, హ్యూగో వుడ్ అను అటవీ అధికారి 20వ శతాబ్దపు తొలి భాగమున దానిని మరల పెంచుటకు పాటుపడెను. నరికిన మొదళ్లనుండి లేచు చిగుళ్లను కాపాడి మ్రానులుగా ఎదిగించుట ఆయన పద్ధతి. ఆయన 1933లో మరణించెను. సమాధి ఆ టేకుల నడుమనే యున్నది. కోయంబత్తూరిలో 1902లో స్థాపింపబడిన గాస్ అటవీ ప్రదర్శనశాలయు, 1912లో ఆ నగరమునకు వచ్చిన అటవీ కళాశాలయు ఈ విద్యకు దక్షిణదేశమున ముఖ్యస్థానములైనవి. ప్రదర్శనశాలలోని కొయ్య నమూనాలను పిల్లలకు ఒకసారి చూపుట మంచిది. చేవ యన నేమో, పొరలన నేమో పుస్తకము చెప్పినదానికన్న అచ్చట ఎక్కువ తెలియును.

మదుర మాట వేరు. అచ్చట అడవికన్న బాటల చెట్లు ప్రసిద్ధములు. 1689 మొదలు 1706 వరకు మనుమని పక్షమున రాజ్యమేలిన రాణి మంగమ్మ బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రములు కట్టించెనని దక్షిణదేశమంతయు చెప్పుకొనును. ఆమె పేర మంగమ్మాళ్ శాలై యని నేటికిని పిలువబడు దారులు కలవు. నాటించిన రాణి తెలుగింటి యాడుబిడ్డ యని మనము మురియుచుందుము గాని, బాటను వెడల్పు చేయునపుడు ఆ వరుసలోని ముదిచింతలను దింపు పనివాని కష్టమును తలచువారు తక్కువ.

ఇక యంత్రమునకు వత్తము. గొలుసునకు పండ్లు కట్టి కోయు ఆలోచన మొదట పుట్టినది చెట్టుకొరకు కాదు. 18వ శతాబ్దపు చివర స్కాట్లండు వైద్యులిద్దరు ఎముకను కోయుటకై చేతితో త్రిప్పు చిన్న గొలుసు రంపము నుపయోగించిరి. మ్రానులకై జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడచుదానిని, 1929లో పెట్రోలుతో నడచుదానిని చేసెను. అవి ఇద్దరు మోయవలసిన బరువులు. ఒక్కడు చేతబట్టి పని చేయదగినవి రెండవ ప్రపంచయుద్ధమునకు తరువాతనే వ్యాపించినవి. అయినను గొలుసు పండ్లు త్వరగా మొద్దుబారెడివి. 1946లో అమెరికాలోని ఆరిగన్ అడవులలో జోసెఫ్ కాక్స్ అను కోతపనివాడు ఒక మొద్దులో కొయ్య తొలుచు పురుగును కనిపెట్టి చూచుచుండెను. అది తన రెండు దవడలతో ఎడమకును కుడికిని మార్చి మార్చి కొరకుచు, నిలువునను అడ్డమునను సమానముగా తొలుచుకొని పోవుచుండెను. ఆ దవడల పోలికనే ఆయన ఉక్కున దింపి గొలుసునకు పండ్లు చేసెను. నేటి గొలుసులన్నియు ఆ వంశమువే. చెట్టును తినెడి పురుగే చెట్టును కోయు పనివానికి గురువైనది.

నేటి రంపమున ఒక చిన్న ఇంజను, క్లచ్చి, పొడవైన ఉక్కుబద్ద, దాని యంచున పరుగెత్తు గొలుసు ఉండును. ఇంజను మెల్లగా తిరుగునపుడు గొలుసు కదలదు. మీట నొక్కగా నిమిషమునకు పదివేల చుట్లకు మించి తిరిగి, గొలుసు క్షణమునకు 20 మీటర్లకు పైగా పరుగు తీయును. అనగా కన్ను మూసి తెరచునంతలో కొన్ని మూరల పండ్లు ఒక చోటు దాటిపోవును. పెట్రోలుతో నూనె కలిపి పోయవలెను. లీటరునకు 20 మిల్లీలీటర్లు, అనగా 50కి 1 వంతు, ఇప్పటి చాల యంత్రములకు చెప్పబడిన కొలత. తక్కువైనచో ముషలకము పట్టుకొనిపోవును, ఎక్కువైనచో పొగ చిమ్ముచు మసి కట్టును. బద్దకు వేయు నూనె వేరు. మనవారు పొదుపునకై మోటారు బండినుండి దించిన నల్లనూనెను పోయుట కద్దు. అందలి ఇనుపరజను బద్దను అరగదీయును. ఆ నూనెయంతయు గొలుసు వెంట చిమ్మి నేలలోనికి, చివరకు మన బావులలోనికి చేరును. మోటార్లకు పంపులకు పేరుపడిన కోయంబత్తూరున ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు గాని, తెలిసినంత మాత్రమున చేయరు.

పదును ఈ పనికి ప్రాణము. కోసినపుడు తునకలు తునకలుగా రాలినచో గొలుసు పదునుగా నున్నదని యర్థము. పిండివలె పొట్టు రాలినచో మొద్దుబారినదని యర్థము. మొద్దుబారినపుడు మనిషి తన బలముతో రంపమును నొక్కును. నొక్కినపుడు పట్టు తప్పును. సగము ప్రమాదములకు తొలిమెట్టు ఇదియే యని నా యభిప్రాయము. మంచి పనివాడు గుండ్రని ఆకురాయితో, ప్రతి పంటిని ఒకే వాలున, ఒకే యెన్ని రాపిళ్లతో, ఎడమ పండ్లు ముందు కుడి పండ్లు వెనుక రాచును. పంటి ముందు ఒక చిన్న మొనయుండును. పన్ను ఒక్కసారి ఎంత లోతు కొరుకవలెనో అది నిర్ణయించును. తొందరపాటున దానిని ఎక్కువగా అరగదీసినచో రంపము గుఱ్ఱము వలె ఎగురును. ఆకురాయి యను చక్కని మాట మన యిండ్లలో వాడుక తప్పుచున్నది. పనివాండ్రు దానిని తమిళమున అరము అందురు. పిల్లలకు రెండును తెలియుట మేలు.

ఈ యంత్రపు మిక్కిలి భయంకరమైన గుణము ఎదురుతన్ను. బద్ద కొనయందలి పై సగము ఏ కొమ్మకైనను మేకునకైనను తగిలినచో, పండ్లు అచ్చట చిక్కుకొని, గొలుసు వేగమంతయు బద్దను పైకిని వెనుకకును, పట్టినవాని మొగము వైపునకు, విసరును. ఇది జరుగుటకు పట్టు కాలము మనుష్యుడు ఉలికిపడుటకు పట్టు కాలముకన్న తక్కువ. కావుననే 1970వ దశకమునుండి ముందుపిడి దగ్గర గొలుసును తటాలున ఆపు నిరోధకము పెట్టబడెను. ఎడమచేతి మణికట్టు దానిని తాకినను, యంత్రము తనంత తాను ఎగిరినను, గొలుసు ఆగును. పాత యంత్రములలో ఆ నిరోధకము విరిగిపోయి, దానిని ఊడదీసి పనిచేయుట మనచోట్ల కానవచ్చుచున్నది. బొటనవ్రేలు ముందుపిడిని క్రిందనుండి చుట్టి పట్టవలెను. రంపము భుజముపైకి ఎత్తి కోయరాదు. బద్ద కొనతో పొడవరాదు. ఎడమచేత కొమ్మను, కుడిచేత రంపమును పట్టి కోయుట మరణమును చేరబిలుచుటయే. తొడలకు వేసికొను ప్రత్యేకమైన లాగు ఒకటి కలదు. దాని లోపలి పొడవైన నారపోగులు గొలుసు తగులగానే బయటికి వచ్చి చక్రమునకు చుట్టుకొని దానిని ఆపును. లుంగీ ఎగగట్టి, చెప్పులతో పనిచేయుచున్న మన పనివానికి ఆ లాగు వెల చాల దినముల కూలి. ఎండలో దానిని ధరించుట ఎంత కష్టమో ధరించినవారికే తెలియును. వెలయు వేడిమియు నిజమే. తొడలోని పెద్ద రక్తనాళము తెగినచో వైద్యశాల చేరువరకు ఆగదనుటయు నిజమే.

చెట్టును పడగొట్టు విధము చెప్పెదను. ఏ దిక్కున పడవలెనో ఆ వైపున ముందుగా బోదె లావులో ఐదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు లోతుగా ఒక నోరు తీయుదురు. పిమ్మట వెనుకనుండి కోయుదురు. అయితే వెనుక కోత నోటివరకు పోరాదు. నడుమ లావులో పదవవంతు కొయ్య తెగకుండ నిలువవలెను. అదియే తలుపునకు మడతబందు వంటిది. చెట్టు దానిపై తిరిగి, చెప్పిన చోటికి మెల్లగా వ్రాలును. బందు తెగకోసినచో చెట్టు తన యిచ్చవచ్చిన దిక్కునకు పోవును. కోతలో బద్ద చిక్కకుండ వెనుక చీలను దిగగొట్టుదురు. తమిళులు దీనిని ఆప్పు అందురు. చెట్టు కదలగానే రంపము విడిచి, వెనుకకు ఏటవాలుగా ముందే చదును చేసికొన్న దారిని పోవలెను. నేరుగా వెనుకకు పోరాదు, ఏలయన బోదె మొదలు ఒక్కొక్కప్పుడు ఎగిరి వెనుకకు తన్నును. చుట్టునున్నవారు చెట్టు ఎత్తునకు రెండింతల దూరమున ఉండవలెను. 15 మీటర్ల వేపకు 30 మీటర్లు. మన వీధులలో ఆ దూరమునకు ఏడెనిమిది యిండ్లు వచ్చును. పిల్లలు నిలుచు దూరమును మీరే కొలిచి చూడుడు.

గాలివానలో పడిన చెట్టు నిలిచిన చెట్టుకన్న మోసకారి. 2018 నవంబరులో గజ తుపాను వేదారణ్యము దగ్గర తీరము దాటి, తంజావూరు వైపు కొబ్బరితోటలను నేలకూల్చి, దిండుక్కల్ వరకు వచ్చినది. అట్టి దినములలో దారి తెరచుటకై తెలిసినవాడును తెలియనివాడును రంపము పట్టును. పడి వంగియున్న కొమ్మ వింటివలె బిగిసియుండును. దాని ఒక ప్రక్క సాగియుండును, ఒక ప్రక్క నొక్కబడి యుండును. సాగిన ప్రక్కను ముందు కోసినచో ఫెళ్లున చీలి మనిషిని విసరివేయును. నొక్కబడిన ప్రక్క కొంచెము గాటు పెట్టి, పిదప సాగిన ప్రక్కను కొంచెము కొంచెముగా కోయవలెను. వేళ్లతో పెకలి పడిన మ్రాను బోదెను కోయగా, తేలికపడిన వేరుగడ్డ తటాలున లేచి గోతిలోనికి తిరిగి కూర్చుండును. ఆ గోతిలో నెవ్వరు నిలువరాదు.

పొల్లాచ్చి తోటలవారికి కొబ్బరి సంగతి మరికొంత విపులముగా చెప్పవలసియున్నది. కొబ్బరి గడ్డిజాతికి దగ్గరి చుట్టము. వేపకు టేకునకు వలె దానిలో వలయములు లేవు. వెలుపల గట్టి, లోపల మెత్తన. గట్టి నారలు గొలుసును త్వరగా మొద్దు చేయును. మడతబందు నిలుపుకొను గుణము దానికి తక్కువ గనుక, పడునపుడు తటాలున విరుగును. విశాలమైన తోటలో మొదలు కోసి పడగొట్టవచ్చును. రెండిండ్ల నడుమ నున్న 20 మీటర్ల చెట్టును మాత్రము పైనుండి ముక్కలుగా దింపవలెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. మఱ్ఱికి, నిద్రగన్నేరునకు పై కొమ్మ యుండును. దానికి కప్పీ కట్టి క్రింది కొమ్మను తాటితో దింపవచ్చును. కొబ్బరికి పై కొమ్మ ఏది? పనివాడు తాను పట్టుకొన్న కంబమునే కోయుచున్నాడు. కప్పీ కోతకు క్రిందనే కట్టవలెను. తెగిన తల ముందు పడి, తాడు బిగిసిన క్షణమున దాని బరువుకు ఎన్నో యింతల తాకిడి ఆ కంబమునకును, దానిని కౌగిలించిన మనిషికిని తగులును. క్రింద తాడు పట్టినవాడు ఒక్కసారిగా బిగబట్టక, కొంత జారవిడిచి మెల్లగా నిలిపినచో ఆ తాకిడి తగ్గును. పైవాని ప్రాణము క్రిందివాని చేతిలో నుండుట యనగా ఇదియే. నడుమునకు కట్టిన తాడు ఒక్కటే యున్న యెడల రంపమే దానిని తెగకోయవచ్చును. కావున కోయునపుడు రెండవ కట్టు, వీలైనచో ఉక్కుతీగ లోపలనున్నది, వేసికొందురు. మన గీతగాండ్రు మోకుతో తాడిచెట్టెక్కు నేర్పు గొప్పదే. కాని మోకు గొడ్డలికాలపు కట్టు. క్షణమునకు 20 మీటర్లు పరుగెత్తు పండ్ల ముందు అది చాలదు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో ఆరంభించిన కొబ్బరిచెట్టు మిత్రుల శిక్షణలో యంత్రముతో చెట్టెక్కుట నేర్పి, ప్రమాద బీమాయు కల్పించిరి. తోటలు గలవారు తమ పనివాండ్రకు అట్టి బీమా యున్నదా యని విచారించుట తగును.

ఊరిచెట్ల బాధలు వేరు. బాట ప్రక్క చింతకు, వేపకు ప్రకటనల పలకలు కొట్టి కొట్టి, మేకులు బెరడులోనికి మునిగిపోయి యుండును. పదియేండ్ల క్రిందటి మేకు పైకి కానరాదు. గొలుసు దానికి తగిలినచో నిప్పురవ్వలు లేచి, పండ్లు ఒక్క క్షణమున పోవును, ఒక్కొక్కప్పుడు ఎదురుతన్నును. పెరటిచెట్టుకు బట్టలతీగ కట్టుటకై మనము కొట్టు మేకులును ఇట్టివే. పనివానితో ముందే చెప్పినచో అతడు ఆ చోటు తప్పించును. విద్యుత్తు తీగల సంగతి మరింత ఘోరము. 11,000 వోల్టుల తీగను తాకనక్కరలేదు. పచ్చి మట్ట దానిపై వ్రాలినను మట్ట తడి గుండ ప్రవాహము దిగివచ్చును. విద్యుత్తు సంస్థవారిని పిలిచి ప్రవాహము ఆపించిన పిమ్మటనే పని. వారు వచ్చువరకు ఆగుటకు మనకు ఓపిక లేక పనివానిని తొందరపెట్టుట తరచు. తేనెతుట్టెలును ఇట్లే. రొద విని పెరతేనెటీగలు లేచినచో, పైనున్నవానికి పరుగెత్తు దారి లేదు.

ఇవి కంటికి కనబడు గాయములు. కనబడనివియు కలవు. రంపపు రొద 100 డెసిబెళ్లకు మించును. దినమున ఎనిమిది గంటలు వినదగిన హద్దు 85 అని వైద్యులు చెప్పుదురు. చెవులకు కప్పు లేక కొన్నియేండ్లు పని చేసినవాడు ముందుగా పక్షుల కూతను, పిదప పిల్లల మాటను పోగొట్టుకొనును. యంత్రపు వణుకు వ్రేళ్లలోని సన్ననాళములను నరములను చెరచును. 1960వ దశకమున జపాను అడవిపనివాండ్ర వ్రేళ్లు చలిలో తెల్లబారి మొద్దుబారుట పెద్ద సమస్యయై, పనిగంటలకు హద్దులు పెట్టవలసివచ్చెను. వాల్పారై తేయాకు తోటలలో సిల్వర్ ఓక్ కొమ్మలు కోయువారికి తెల్లవారుజాము చలిలో ఈ బాధ రావచ్చును. మదుర యెండలో వ్రేళ్లు తెల్లబారుట అరుదైనను తిమ్మిరియు పట్టు తగ్గుటయు తప్పవు. అమెరికా ప్రభుత్వపు లెక్కలలో అడవికోత పనివారి మరణములు ఏటికి 1,00,000 మందికి ఇంచుమించు 100. అన్ని పనులకు కలిపి సగటు 4కు లోపు. అంగరక్షలును శిక్షణయు గల దేశమున ఇట్లుండగా, మనచోట సరియైన లెక్కయే లేదు.

ఇందులకు కూలి పద్ధతియు కొంత కారణము. చాలచోట్ల మేస్త్రీ చెట్టుకు వెల కట్టి, కొయ్యను తానే తీసికొని పోవును. ఎన్ని చెట్లు దింపిన అంత లాభము. నిదానము నష్టము. ఇంటివారు ముగ్గురు మేస్త్రీలను పిలిచి తక్కువ యడిగినవానికి పని యిత్తురు. తక్కువ యడుగగలిగినవాడు రెండవ తాడు లేనివాడు, క్రింద తాడు పట్టుటకు మనిషిని పెట్టనివాడు. తమిళనాట 1982వ సంవత్సరపు శారీరక కార్మికుల చట్టము క్రింద సంక్షేమ మండలులు కలవు. నమోదు చేసికొన్న పనివానికి ప్రమాద సహాయము అందును. ఫారము నింపుటకు చదువు కావలెను గనుక, మన బడిలోని పై తరగతుల పిల్లలు తమ వీధిలోని పనివారికి ఆ సహాయము చేయగలరు.

చట్టము మరియొక వైపునను కలదు. ప్రభుత్వపు స్థలమందలి చెట్టును మన గుమ్మమున కడ్డమని కోయించరాదు. జిల్లా హరిత సంఘపు అనుమతి వలయును. కొండ ప్రాంతములకు 1955వ సంవత్సరపు వృక్షరక్షణ చట్టము వేరుగ నున్నది. సొంత పెరడైనను చందనము వంటి వానికి అనుమతి లేక కత్తి తాకింపరాదు.

పడగొట్టుటకన్న కొమ్మలు దిద్దించుట చాలచోట్ల చాలును. అదియు విధిగా జరుగవలెను. చెట్టు తలను మొండి చేసినచో, మరుసటి యేట గుబురుగా లేచు రెమ్మలు బోదెలో లోతుగా నాటుకొనక పైపై అంటుకొని యుండి, లావెక్కిన పిదప గాలికి ఊడి పడును. బరువైన కొమ్మను మూడు కోతలలో తీయవలెను. బోదెకు మూరెడు దూరమున క్రిందనుండి చిన్న గాటు, దానికి కొంచెమావల పైనుండి కోత, కొమ్మ పడిన తరువాత మిగిలిన మోటు చివరి కోత. మొదటి గాటు లేనిచో కొమ్మ పడుచు బోదె బెరడును తోలువలె ఒలుచుకొని పోవును. చివరి కోత కొమ్మ మొదట నున్న ఉబ్బును తాకక, దాని వెలుపల నుండవలెను. ఆ ఉబ్బునుండియే చెట్టు క్రొత్త బెరడు పెంచి గాయమును మూసికొనును. తారు పూయ నక్కరలేదు.

కాలము మాటకు వచ్చినచో, పాలక్కాడు కనుమ నుండి వీచు ఆడి గాలి కోయంబత్తూరు కొబ్బరులను ఊచకముందే, వైశాఖ జ్యేష్ఠములలో ఎండుమట్టలు, పుచ్చినతలలు చూచికొనవలెను. మదురవారికి ఐప్పసి వానలకు ముందు, భాద్రపదమున చింతల, నిద్రగన్నేరుల బరువు తగ్గించుట తగును. ఎక్కుటకు ముందు పనివాడు ఒకసారి చెట్టు చుట్టు తిరిగి తొర్రలను, గూళ్లను చూచును. గూటిలో పిల్లలున్నచో మూడు వారములు ఆగుమని యడుగును. అట్టివానికి ఆ గడువు నిచ్చి పంపుడు.